నీళ్ళు కాపాడిన పచ్చదనం: ఈగిల్ క్రీక్ బాటలో నడిచే ముందు

(ఓరెగన్ రాష్ట్రం బీవర్టన్‌లో తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక అక్టోబరు శనివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మర్నాడు వారిలో కొందరు కలిసి కొలంబియా నది లోయలో ఈగిల్ క్రీక్ అనే వాగు వెంట ఉన్న జలపాతాల బాటలో నడవబోతున్నారు.)

అందరికీ నమస్కారం. రేపు నడకకి వచ్చేవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. పాతికమంది దాకా ఉన్నట్టున్నారు. పెద్దవాళ్ళు కూడా వస్తున్నారు, చాలా సంతోషం. రానివాళ్ళు కూడా కాసేపు కూర్చోండి. కారు ఎక్కడ ఆపాలి, ఎన్ని నీళ్ళసీసాలు తెచ్చుకోవాలి అన్నవి చివర్లో చెప్పుకుందాం.

ఈ నడక సంగతి ఎత్తగానే నలుగురైదుగురు ఒకే మాట అన్నారు. "ఆ అడవి కాలిపోయింది కదండీ, ఇంకేముంది చూడ్డానికి? మళ్ళీ పచ్చబడ్డాక వెళ్దాంలెండి." ఆ మాట నా మనసులోంచి పోలేదు. అందుకే ఈ అరగంట అడిగి తీసుకున్నాను.

2017 సెప్టెంబరు మొదటి వారంలో ఆ అడవి అంటుకున్నప్పుడు ఇక్కడున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మేం అప్పుడు గ్రెషమ్‌లో ఉండేవాళ్ళం, పోర్ట్‌లాండ్‌కి తూర్పున. సోమవారం రాత్రి పొగ వాసనకి కిటికీలన్నీ వేసుకుని పడుకున్నాం. మంగళవారం పొద్దున తలుపు తీస్తే కార్ల మీద, మెట్ల మీద, చెప్పుల మీద బూడిద. వాకిట్లో కుండీలో మా ఆవిడ పెంచుకుంటున్న తులసి మీద కూడా. వంగి చూశాను. ఒక ఆకు మీద వాలింది ఉత్త బూడిద కాదు, ఫర్ చెట్టు సూదాకు ఒకటి. తెల్లగా కాలిపోయింది, కానీ ఆకారం చెక్కుచెదరలేదు. నడిమి ఈనె గీత కూడా తెలుస్తోంది. వేలు ఆనించీ ఆనించకముందే పొడి అయిపోయింది. పదిహేను ఇరవై మైళ్ళ అవతల ఏ కొండ మీదో ముందురోజు దాకా పచ్చగా ఉన్న ఆకు అది. మా ఆవిడ ఏమీ అనలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి తులసి ఆకులు ఒక్కొక్కటే కడిగింది.

మాది భాకరాపేట దగ్గర పల్లె. తలకోన మాకు పొరుగూరు లాంటిది. కొండ చీలి, ఆ చీలికలోంచి నీళ్ళు దూకి, చుట్టూ చెట్లు కమ్ముకుని ఎండ దిగని చోటుని మా వైపు కోన అంటారు. తలకోన, కైలాసకోన, అన్నీ అవే. 2014లో మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఈగిల్ క్రీక్ బాటలో రెండు మైళ్ళు నడిపించి పంచ్‌బోల్ జలపాతం దాకా తీసుకెళ్ళాను. అమ్మ నీళ్ళవైపు చాలాసేపు చూసి, "ఇదీ కోనే కదా నాయనా" అంది. అంతే. అప్పటిదాకా నాకది అమెరికాలో ఒక టూరిస్టు స్థలం. ఆ మాటతో నాకది మా ఊరు పక్కన ఉన్నట్టయింది.

రాయి కూడా చుట్టరికం ఉన్నదే. వికారాబాదు వైపు, ఆదిలాబాదు వైపు కనిపించే నల్లరాయి దక్కను పీఠభూమి మీద 6.6 కోట్ల ఏళ్ళ కిందట పారిన లావా. ఇక్కడి నల్లరాయి కూడా లావాయే, దాదాపు 1.6 కోట్ల ఏళ్ళ కిందటిది, పొరమీద పొరగా పారింది. ఆ తర్వాత మంచుయుగం చివర్లో, పదిహేను వేల ఏళ్ళ కిందట, పైన ఐడహో, మోంటానా సరిహద్దు దగ్గర మంచు ఆనకట్టలు తెగి మహావరదలు మళ్ళీ మళ్ళీ కొలంబియా నది వెంట దూసుకొచ్చాయి. లోయ అంచుల్ని నిలువునా కోసేశాయి. పక్కనుంచి వచ్చి కలిసే వాగులకి నదిలోకి మెల్లగా దిగే దారి లేకుండా పోయింది. అందుకే దూకుతున్నాయి. మల్ట్‌నోమా జలపాతం 620 అడుగుల నుంచి దూకుతుంది. కొలంబియా లోయలో ఇన్ని జలపాతాలు ఒకేచోట వరసగా ఉండడానికి కారణం అదే.

ఇక మంట సంగతి. 2017 సెప్టెంబరు 2, శనివారం. వేసవి అంతా వాన లేదు, అడవిలో నిప్పు రాజేయకూడదని నిషేధం ఉంది. ఒక పదిహేనేళ్ళ అబ్బాయి లోయలోకి టపాకాయ విసిరాడు. మంట బాటని మూసేసింది. పంచ్‌బోల్ దగ్గర స్నానాలకి వెళ్ళిన నూటయాభై మంది దాకా వెనక్కి రాలేక రాత్రంతా అడవిలోనే ఉన్నారు. మర్నాడు పైదారిన వాటమ్ సరస్సు వైపు నడిపించి బయటికి తెచ్చారు. ఇంతా చేసి ఆ మంటలో ఒక్క ప్రాణం పోలేదు. సోమవారం రాత్రి తూర్పుగాలి లేచింది. ఈ లోయలో తూర్పుగాలి అంటే ఏమిటో ఇక్కడుండే వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ ఒక్క రాత్రిలో మంట మైళ్ళకు మైళ్ళు పడమరకి పరిగెత్తింది. నిప్పురవ్వలు కొలంబియా నదిని దాటి వాషింగ్టన్ ఒడ్డున కూడా అంటించాయి. మల్ట్‌నోమా దగ్గర 1925లో కట్టిన రాతి లాడ్జిని ఫైర్ సిబ్బంది రాత్రంతా నీళ్ళు కొట్టి నిలబెట్టుకున్నారు. ఒనియాంటా దగ్గర పాత హైవే సొరంగంలో లోపల పరిచిన కలప మాత్రం దక్కలేదు. నవంబరు ఆఖరుకి గానీ మంట పూర్తిగా అదుపులోకి వచ్చిందని ప్రకటించలేదు. అప్పటికి 48 వేల ఎకరాలు దాటింది.

ఆ అబ్బాయికి కోర్టు ఐదేళ్ళ ప్రొబేషను, ఫారెస్ట్ సర్వీసులో 1,920 గంటల సేవ, ఆపైన 3.66 కోట్ల డాలర్ల పరిహారం వేసింది. వాడు కోర్టులో క్షమాపణ చెప్పుకున్నాడు. అప్పుడు మావాడికి పదమూడేళ్ళు. వార్త చదివి ఆ అబ్బాయిని నేను తిట్టలేకపోయాను. మావాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఎండాకాలం అడవిలో ఒక్క అగ్గిపుల్ల ఏం చేయగలదో మాట్లాడాను. మీరూ రేపు కారులో వెళ్తున్నప్పుడు పిల్లలతో మాట్లాడండి. జూలై నాలుగు, స్వాతంత్ర్య దినానికి మన పిల్లలు కూడా టపాకాయలు కాలుస్తారు. ఎక్కడ కాల్చాలి, ఎక్కడ కాల్చకూడదు అన్నది ఇంట్లోనే మొదలవ్వాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. "అడవి కాలిపోయింది" అంటాం. ఆ మాటలో పొరపాటు ఉంది. మంట తర్వాత నిపుణులు వేసిన మ్యాపు చూస్తే నిప్పు బాగా ముదిరి కాల్చేసిన భాగం దాదాపు 15 శాతం. మధ్యస్తంగా కాలినది ఇంకో 30 శాతం. మిగిలిన సగానికి పైగా పైపైన నాకి వదిలేసింది, లేదా అసలు ముట్టుకోలేదు. దుప్పటి కప్పినట్టు ఒకే తీరున కాలలేదు, చిరుతపులి ఒంటిమీద మచ్చల్లా కాలింది. ఆ మచ్చల్ని చదవడం వస్తే రేపటి నడక వేరుగా ఉంటుంది. చదవడం కష్టమేమీ కాదు, నాలుగైదు గుర్తులు చెప్తాను.

మొదటి మైలులో పెద్ద పెద్ద డగ్లస్ ఫర్ చెట్లు కనిపిస్తాయి. మొదలు దగ్గర నల్లగా, పైన పచ్చగా. దగ్గరికెళ్ళి చూడండి. బెరడు అరచేయి మందం ఉంటుంది, మొసలి వీపులా పలకలు పలకలుగా. పైపలక బొగ్గయింది. చీలికలోకి తొంగిచూస్తే లోపల ఎర్రటి గోధుమరంగు బెరడు అలాగే ఉంటుంది. ఆ దళసరి బెరడే దాన్ని కాపాడింది. మసి ఏ వైపు ఎక్కువ ఎత్తుకి పోయిందో కూడా చూడండి. మంట కొండ ఎక్కుతున్నప్పుడు చెట్టుకి ఎగువ వైపున సుడి తిరుగుతుంది, అక్కడ ఎక్కువ ఎత్తుకి నాకుతుంది. రెండు మూడు చెట్లు వరసగా చూస్తే చాలు, ఆ రాత్రి మంట ఎటునుంచి ఎటు నడిచిందో తెలిసిపోతుంది. వాటి పక్కనే బూడిదరంగులో, ఒంటిమీద బెరడే లేకుండా నిలబడ్డ చెట్లు ఉంటాయి. అవి చాలావరకు హెమ్లాకులు. వాటిది పలుచటి బెరడు, వేళ్ళు కూడా నేలకి పైపైనే ఉంటాయి. కొద్దిపాటి మంటకే పోయాయి. ఒకే మంట, ఒకే చోటు, ఒకటి బతికింది, ఒకటి పోయింది.

తర్వాత మేపుల్. పెద్దాకు మేపుల్ చెట్టు మాను మొత్తం ఎండిపోయి ఉంటుంది. కిందికి చూడండి. మొదలు చుట్టూ దడి కట్టినట్టు పది, పదిహేను కొమ్మలు లేచి ఉంటాయి, ఒక్కొక్కటి మనకంటే ఎత్తు. మంట పైనున్న చెట్టుని తీసుకుపోయింది గానీ నేలలో ఉన్న వేరుని ముట్టుకోలేదు. మా శేషాచలంలో ఎర్రచందనం కూడా ఇంతే, కొట్టేసిన మోడు నుంచి మళ్ళీ చిగురేస్తుంది. మోడు చిగురించింది అని మనం మాటవరసకి అంటూ ఉంటాం. రేపు అక్కడ దాన్ని చేత్తో ముట్టుకుని చూడొచ్చు. కత్తుల్లాంటి ఆకులుండే సోర్డ్ ఫెర్న్ కూడా అలా దుంప నుంచి లేచిందే.

ఇంకొకటి ఫైర్‌వీడ్ అనే మొక్క. నిప్పు అన్నది పేరులోనే ఉంది. నేల ఖాళీ అయి ఎండ పడిందంటే ఎక్కడినుంచో గాలికి వచ్చి వాలుతుంది. జూలైలో వస్తే నిలువెత్తు మొక్కలకి గులాబిరంగు పూలగెలలు. మనం వెళ్తున్నది అక్టోబరు కాబట్టి పువ్వులుండవు, కాయలు పగిలి దూదిపింజలు ఎగురుతుంటాయి. ఒక పింజ పట్టుకుని చూస్తే చివర ఇసుకరేణువంత గింజ ఉంటుంది. పువ్వులకంటే ఆ పింజలే నాకిష్టం.

పురుగు గురించి ఒక మాట. నల్లటి పెంకుపురుగు ఒకటుంది, దానికి ఒంటి కింద వేడిని కనిపెట్టే గుంటలుంటాయి. ఎక్కడో మైళ్ళ దూరంలో అడవి అంటుకుంటే మనం పారిపోతాం, అది అటే ఎగిరి వస్తుంది. ఇంకా పొగలు కక్కుతున్న మానులో గుడ్లు పెడుతుంది. దాని పిల్లల కోసం వడ్రంగిపిట్టలు వస్తాయి. పిట్టలు తొలిచిన తొర్రల్లో తర్వాత వేరే పిట్టలు, ఉడతలు కాపురం పెడతాయి. రేపు కాసేపు మాటలాపి నిలబడండి. ఎండుమాను మీద టకటకమని చప్పుడు వినిపిస్తుంది. చచ్చిన చెట్టు అని మనం అనుకునే దాంట్లో ఎంత సంసారం జరుగుతోందో.

ఇప్పుడు నీళ్ళ దగ్గరికి వద్దాం. ఫర్, హెమ్లాక్, సీడార్ ఇవేవీ మేపుల్‌లా వేరు నుంచి మళ్ళీ లేవవు. చెట్టు పోతే పోయినట్టే. మళ్ళీ రావాలంటే గింజ పడాలి. గింజ రావాలంటే దగ్గర్లో బతికున్న చెట్టు ఉండాలి, ఎందుకంటే ఆ గింజలు గాలికి ఎగిరినా ఎక్కువభాగం తల్లిచెట్టుకి కొన్ని వందల అడుగుల లోపే పడతాయి. మరి బతికున్న చెట్లు ఎక్కడ మిగిలాయి? ఈ బాటలో నేను ఎన్నోసార్లు నడిచాను. నా కంటికి ప్రతిసారీ కనిపించేది ఒకటే. వాగు పక్కన, జలపాతం తుంపర్లు పడే మేర, ఊట కారే రాతి కింద పచ్చదనం మిగిలింది. అక్కడ నాచు తడి ఆరలేదు, నిప్పు పట్టలేదు. కిందనుంచి పైకి చూస్తే వాగు వెంట ఆకుపచ్చ చీరకి అంచు వేసినట్టు ఒక చార, దానికి పైన బూడిదరంగు. ఆ అంచులో నిలబడ్డ తల్లిచెట్ల గింజలే పైవాలుల్లో మొలకలవుతున్నాయి. జలపాతాల్ని మనం అందం కోసం చూడ్డానికి వెళ్తాం. ఆ సెప్టెంబరులో అవి చేసిన పని వేరే. అడవికి విత్తనాల గాదె కాపాడాయి. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క మాటే. అందుకే "పచ్చబడ్డాక వెళ్దాం" అంటే ఒప్పుకోలేను. పూర్తిగా పచ్చబడ్డాక ఆ అంచు కనిపించదు. ఎక్కడినుంచి బయల్దేరి ఎక్కడిదాకా వచ్చిందో చూడగలిగేది ఇప్పుడే.

ఆరు మైళ్ళ దగ్గర టన్నెల్ ఫాల్స్ ఉంది. 1910ల్లో బాట వేసినవాళ్ళు ఆ జలపాతం వెనక రాతిని పేల్చి సొరంగం తొలిచారు. వందడుగులకు పైన దూకే నీళ్ళ వెనకనుంచి మనం నడిచి వెళ్తాం. లోపల చీకటి, చెవులు చిల్లులు పడే చప్పుడు, తలమీద చుక్కలు. 2021లో బాట మళ్ళీ తెరిచాక మొదటిసారి అక్కడిదాకా వెళ్ళినప్పుడు ఆ సొరంగంలో ఆగి, గోడ మీద చెయ్యి పెట్టాను. నాచు. తడి తడిగా, వేళ్ళు దిగేంత మందంగా. బయటికి వచ్చి తల ఎత్తితే కొండ నెత్తిన కర్రల్లా నిలబడ్డ ఎండుమాకులు. రెండు అడుగుల తేడాలో రెండూ ఉన్నాయి. అంతదూరం నడిచి వచ్చినందుకు నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గుపడను.

ఇక జాగ్రత్తల గురించి గట్టిగా చెప్పాలి. కాలిన అడవిలో అసలు ప్రమాదం మంట ఆరిన వెంటనే రాదు. చెట్టు చచ్చినా దాని వేళ్ళు కొన్నేళ్ళపాటు మట్టిని పట్టుకునే ఉంటాయి. అవి కుళ్ళాక పట్టు వదులుతుంది. కొత్త మొక్కల వేళ్ళు ఇంకా అంత లోతుకి దిగి ఉండవు. ఆ మధ్యకాలంలోనే కొండలు జారతాయి. 2021 జనవరిలో డాడ్సన్ దగ్గర, ఇదే కాలిన కొండల కింద, పెద్దవానకి మట్టీరాళ్ళూ ప్రవాహంలా వచ్చి ఒక కారు కొట్టుకుపోయింది. అందులో ఉన్నావిడ చనిపోయింది. మంటలో ఎవరూ పోలేదన్నాను కదా, మూడేళ్ళు దాటాక వచ్చిన మట్టికి ఒకరు పోయారు. ఎండుమాకులూ అంతే, ఇన్నాళ్ళూ నిలబడ్డవి ఇప్పుడు ఒక్కొక్కటిగా పడుతున్నాయి. కాబట్టి వాన గట్టిగా కురిసినా, గాలి లేచినా రేపు మనం వెళ్ళం. ఇంత ఏర్పాటు చేసుకున్నాం కదా అని నన్ను మొహమాటపెట్టొద్దు. అన్నం తినడానికి ఎండుచెట్టు కింద కూర్చోవద్దు. కూర్చునే ముందు తలెత్తి చూడండి.

బాటకి ఒకవైపు రాతిగోడ, రెండోవైపు లోయ ఉండే చోట్లు చాలా ఉన్నాయి. గోడకి ఇనుపతాడు బిగించి ఉంటుంది. పట్టుకోండి. పిల్లలు గోడవైపు, పెద్దలు లోయవైపు. సెల్ఫీ కోసం అంచుకి వెనక్కి వెనక్కి జరగొద్దు. పంచ్‌బోల్ దగ్గర పైనుంచి నీళ్ళలోకి దూకేవాళ్ళు కనిపిస్తే చూసి ఉబలాటపడొద్దు. ఆ నీళ్ళు మంచుకరిగిన నీళ్ళంత చల్లన, ఈత వచ్చినవాడికి కూడా ఊపిరి బిగుసుకుపోతుంది. మన తెలుగు కుర్రాళ్ళు ఈ దేశంలో జలపాతాల దగ్గర, సరస్సుల దగ్గర పోయిన వార్తలు ఏటా వింటున్నాం. ఆ ఫోను ఊళ్ళో తల్లికి ఎలా చేరుతుందో తలుచుకోండి.

బాట దిగి అడ్డదారిన నడవొద్దని కూడా బతిమాలుతున్నాను. మనం కాలు పెట్టేచోట వేలెడంత ఫర్ మొలక ఉండొచ్చు. దాని వయసు నాలుగేళ్ళు ఉండొచ్చు. బాట మొదట్లో బూట్లు దులుపుకునే బ్రష్షు ఉంటే తప్పకుండా దులుపుకోండి. వేరేచోటి కలుపు గింజలు మన బూట్లకి అంటుకునే వస్తాయి, ఖాళీనేల దొరికితే ముందు అవే ఆక్రమిస్తాయి.

ఇంకొక జ్ఞాపకం చెప్పి ముగిస్తాను. బాటలు బాగుచేసే ట్రెయిల్‌కీపర్స్ ఆఫ్ ఓరెగన్ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. వాళ్ళతో, వాళ్ళలాంటి వాళ్ళతో నేను కొన్ని శనివారాలు పనికి వెళ్ళాను. వాళ్ళు వాడే పనిముట్టు ఒకటి పులాస్కీ. ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు బాడిసలాంటి అడ్డపలక. 1910లో ఐడహోలో అడవులు తగలబడినప్పుడు తన మనుషుల్ని పాత గనిసొరంగంలోకి తోసి కాపాడిన ఎడ్ పులాస్కీ పేరే దానికి. ఈ కొండల పైభాగం చట్టప్రకారం వైల్డర్‌నెస్, అంటే సహజంగా వదిలేయాల్సిన అడవి, అక్కడ మోటారు యంత్రాలు వాడకూడదు. అంటే బాటకి అడ్డంగా నాలుగడుగుల మాను పడినా మరరంపం లేదు. ఇద్దరు చెరోవైపు పట్టుకుని లాగే పెద్దరంపమే.

మా తాత ఊళ్ళో అలాంటి రంపంతో దూలాలు కోయడం చిన్నప్పుడు చూశాను. నేనెప్పుడూ పట్టుకోలేదు. ఆ రోజు అనుభవం, సర్టిఫికెట్టు ఉన్న ఒక పెద్దావిడ అవతలివైపు పట్టుకుని నాకు చెప్పింది ఒకటే సూత్రం. లాగు, తొయ్యకు. నీ వంతు లాగాక వదిలేయి, అవతలివాళ్ళు లాక్కుంటారు. మొదట పావుగంట రంపం బిగుసుకుపోతూనే ఉంది. తర్వాత ఎప్పుడో కుదిరింది. ఆ చప్పుడు మారుతుంది, గరగర పోయి ఊపిరిలా వస్తుంది. పళ్ళ మధ్యనుంచి నూడుల్స్‌లా పొడుగ్గా కలపతీగలు రాలతాయి. పైన బొగ్గు, రెండంగుళాలు దాటగానే పసుపచ్చటి కలప, దబ్బపండు తొక్క వాసన. కోసి దొర్లించాక ఆ కోతమీద వలయాలు లెక్కపెట్టాం. నూటఎనభై దాకా లెక్కపెట్టి ఆపేశాం. మధ్యలో ఒకచోట వలయాలు గుండ్రంగా పోకుండా మడతపడ్డాయి. ఆ మడతలో నల్లటి గీత. ఆవిడ దానిమీద వేలుపెట్టి, ఇది పాతమంట మచ్చ అంది. ఆ చెట్టు కుర్రదిగా ఉన్నప్పుడు ఒకసారి కాలింది. గాయం చుట్టూ ఏడాదికింత చొప్పున కలప కప్పుకుని, పైకి ఏమీ కనిపించకుండా పూడ్చుకుని, ఇంకో వందేళ్ళకు పైగా పెరిగింది. అంటే అమ్మా నేనూ 2014లో చూసిన ఆ పచ్చటి కోన కూడా ఎప్పుడో కాలి లేచిన అడవే.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దాయన: "ప్రభుత్వం మొక్కలు నాటొచ్చు కదా? అలా వదిలేశారేం?")

మంచి ప్రశ్న అండీ. కాలిన కలప కొట్టేసి త్వరగా నాటాలని అప్పట్లో వాషింగ్టన్ డీసీలో ఒక బిల్లు కూడా పెట్టారు, అది చట్టం కాలేదు. నాటాల్సిన అవసరం అన్నిచోట్లా ఉండదు. ఇక్కడికి పడమటగా తిల్లమూక్ అడవులున్నాయి కదా, మనం సముద్రం చూడ్డానికి వెళ్ళేదారిలో. అవి 1933లో కాలాయి. ఆరేళ్ళకి 1939లో మళ్ళీ, 1945లో మళ్ళీ, 1951లో మళ్ళీ. అన్నిసార్లు కాలేసరికి గింజ ఇచ్చే తల్లిచెట్లు మిగల్లేదు. అక్కడ నాటక తప్పలేదు. 7 కోట్ల 20 లక్షల మొక్కలు నాటారు, బడిపిల్లలు కూడా వెళ్ళి నాటారు. ఈగిల్ క్రీక్‌లో తల్లిచెట్లు మిగిలాయి. నిలువు కొండలు, మనం నాటేకంటే గాలి బాగా నాటుతుంది. అయితే తొందరగా మళ్ళీ మంట రాకూడదు. మొలకలు కాయలు కాసే వయసుకి రాకముందే రెండోసారి కాలితే, తిల్లమూక్ కథే.

మన వైపు సంగతి కూడా ఇందులోనే చెప్తాను. 2014 మార్చిలో శేషాచలం కాలినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు కూడా వచ్చాయి. మన అడవులు వేసవికి ఆకు రాల్చే అడవులు. నేలమీద ఎండాకు కాలుతుంది, పెద్దచెట్లు చాలావరకు తట్టుకుంటాయి, తొలకరికి చిగురేస్తాయి. చూసేవాడికి ఏమీ కాలేదనిపిస్తుంది. కానీ ఏటా కాలితే కింద మొలక అన్నది బతకదు. ముసలిచెట్లే ఉండి పిల్లచెట్లు లేని అడవి అవుతుంది. పచ్చగా కనిపించినంతమాత్రాన బాగున్నట్టు కాదు, నల్లగా కనిపించినంతమాత్రాన పోయినట్టూ కాదు.

(ఒక అమ్మాయి: "అంకుల్, మొత్తం పన్నెండు మైళ్ళు మేం నడవగలమా?")

పిల్లలున్నవాళ్ళు పంచ్‌బోల్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేయండి, రానూపోనూ నాలుగు మైళ్ళు. అక్కడికే మీకు అంచు, మేపుల్ దడి, మసి గుర్తులు అన్నీ కనిపిస్తాయి. టన్నెల్ ఫాల్స్ దాకా వచ్చేవాళ్ళం పైన వైల్డర్‌నెస్‌లోకి వెళ్తాం కాబట్టి ఒక గుంపులో పన్నెండుమంది దాటకూడదు. ఏడున్నరకల్లా బయల్దేరాలి, అక్టోబరులో పొద్దు తొందరగా వాలిపోతుంది. పార్కింగుకి ఐదు డాలర్ల పాస్ కావాలి. బయల్దేరే ముందు ఫారెస్ట్ సర్వీస్ పేజీలో బాట తెరిచి ఉందో లేదో నేను చూసి గ్రూపులో పెడతాను.

(ఒకావిడ: "మా అత్తగారు మోకాళ్ళ నొప్పితో అంతదూరం నడవలేరండీ. ఇంట్లోనే ఉంచి రావాలా?")

వద్దమ్మా, తీసుకురండి. బాట మొదలు కాకముందే, కారు ఆపేచోటికి దగ్గర్లో, వాగు పక్కన చదునుగా ఉంటుంది. అక్కడ చేపల పెంపక కేంద్రం ఉంది. ఇది అక్టోబరు కదా, సాల్మన్ చేపలు సముద్రం నుంచి కొలంబియా ఎక్కి, పుట్టిన వాగుకి గుడ్లు పెట్టడానికి తిరిగి వస్తుంటాయి. లోతులేని నీళ్ళలో రాళ్ళమధ్య వీపు బయటపెట్టి ఎదురీదుతుంటే ఒడ్డునుంచే కనిపిస్తాయి. మడతకుర్చీ నేను తెస్తాను. వాగు వైపు మొహం పెట్టి కూర్చోబెడితే ముందు చేపలు, తల ఎత్తితే పచ్చ అంచు, ఆపైన కాలిన కొండ. మా ఆవిడ కూడా అక్కడే ఉంటానంది, ఇద్దరికీ తోడుగా ఉంటుంది. చలిగా ఉంటుంది, శాలువా, వాన ఆగే కోటు మర్చిపోకండి.